ఉగ్రత అంటే కోపమేనా?

"ది గ్రేట్ డే ఆఫ్ హిజ్ రాత్" అనే ఒక బొమ్మ పేరు తెలుగు చేయాల్సి వచ్చింది. జాన్ మార్టిన్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1851–53 మధ్య వేసిన తైలవర్ణ చిత్రం, ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. బైబిల్ చివర ఉండే ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలోని ప్రళయ దృశ్యం. "ఆయన మహాకోప దినం" అని రాశాను. ఇంట్లో పెద్దాయన అలిగి అన్నం మానేసిన రోజులా ఉంది! ఏమంటారు?

— బైబిల్లో ఉన్నమాటే వాడండి: "ఉగ్రత మహాదినము వచ్చెను, దానికి తాళజాలినవాడెవడు?"

— ఉగ్రత అన్నా కోపమే కదా మాస్టారూ? పైగా ఇప్పుడు "ఉగ్ర" అంటే అందరికీ ఉగ్రవాదమే గుర్తొస్తుంది.

— కాదండీ. భద్రాచలం దగ్గర నీళ్లు పెరిగితే పేపర్లో "గోదావరి ఉగ్రరూపం" అని వేస్తారు. గోదావరికి కోపం వచ్చిందని ఎవరూ వేయరు. కోపానికి ఒక మొహం కావాలి, ఉగ్రతకి అక్కర్లేదు. మీ బొమ్మే చూడండి, అందులో దేవుడు ఎక్కడా కనిపించడు. ఎర్రటి ఆకాశం, మెరుపు, కొండతో సహా తలకిందులై కూలుతున్న నగరం, నల్లటి అగాధంలోకి జారిపోతున్న మనుషులు. అంతే.

— ఇంకోటి. ఇంగ్లిష్ బైబిల్లో "ఎవరు నిలబడగలరు" అని ఉంటుంది, బొమ్మలో అందరూ పడిపోతున్నారు కాబట్టి సరిపోయింది. మన వాళ్లు "తాళు" ఎందుకు తెచ్చారు?

— నాకైతే అదే నచ్చింది. "ఈ ఎండకి తాళలేకపోతున్నాం" అంటాం చూడండి, నిలబడ్డా కూర్చున్నా తప్పించుకోలేనిది. "జాలిన" ముచ్చటైన రూపం. "చాలు" సంధిలో "జాలు" అయింది. ఇప్పుడు "చెప్పజాలను", "చేయజాలడు" అని కాదనడానికే మిగిలింది.

అదే చోట జనం కొండల్నీ బండల్నీ తమ మీద పడి "మరుగు చేయుడి" అని బతిమాలతారు. మరుగంటే చాటు, మరుగుదొడ్డిలో ఉన్నదీ అదే. మార్టిన్ కొండల్ని నిజంగానే పడేశాడు, చాటు మాత్రం ఎవరికీ దొరకలేదు.

— సరే, "ఉగ్రత మహాదినం" ఖాయం. చివర "ము" తీసేశాను, పర్లేదా?

— పర్లేదు. "ఉగ్రత" జోలికి మాత్రం వెళ్లకండి.