రబ్బరు డైలకు టెఫ్లాన్ పూత: అవసరమా, దండగా?

గాజులమండ్యం రబ్బరు: మా ప్రెస్సులో 170 డిగ్రీల దగ్గర ఆయిల్ సీల్సు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) తీస్తాము. నిరుడు ఒక డైకి, అంటే రబ్బరుకు ఆకారమిచ్చే ఉక్కు అచ్చుకు, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పూత వేయిస్తే, నాలుగు నెలలకే కేవిటీ (అచ్చు గుంట) అంచున గోటితో గీరినా పొట్టు లేచింది. అంతకుముందు రబ్బరు అంటకుండా కొట్టే సిలికాన్ స్ప్రేతో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన డై అది. ఈ పూతలన్నీ దండగే.

చిత్తూరు టూల్‌రూమ్: దేనికీ అంటదనే కదా పీటీఎఫ్‌ఈని వాడుతున్నాము, అది ఉక్కుకు మాత్రం ఊరికే ఎలా అంటుతుంది? జిడ్డు తీసి, అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్‌తో గరుకు చేసి, ప్రైమర్ వేసి, 380 డిగ్రీల ప్రాంతంలో కాలిస్తేనే పట్టు వస్తుంది. 260 వరకు ఓర్చుకునే పూత 170కే పోయిందంటే నమ్మలేను. మీ కుర్రాళ్లు ఫ్లాష్‌ను (అంచున మిగిలే అదనపు రబ్బరును) దేనితో గీకుతున్నారు?

రేణిగుంట: నాన్‌స్టిక్ పెనం మీద ఇనుప అట్లకాడ కథే ఇది.

గాజులమండ్యం రబ్బరు: ఇత్తడి కడ్డీతోనే గీకుతారు. మీరు 380 అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాది తక్కువ వేడిలో టెంపరింగ్ (గట్టిపరిచాక మళ్లీ కాచడం) చేసిన డీ2 రకం టూల్ ఉక్కు. పూత వేసి వచ్చాక కొలిస్తే రాక్‌వెల్ గట్టిదనం 60 ఉన్నది 57కు దిగింది. పైగా పూత మందం 30 మైక్రాన్లంటే వ్యాసంలో 60 తేడా, సీలు పెదవి కొలతకు అది చిన్న విషయమా?

చిత్తూరు టూల్‌రూమ్: టెంపరింగ్‌ను మించిన వేడిలో కాలిస్తే గట్టిదనం తగ్గక తప్పదు, అది పూత నేరం కాదు. మందం సంగతి డై కోసేటప్పుడే చూసుకోవాలి. ఇక మీ స్ప్రే ఇన్సర్టు (సీలులో పెట్టే లోహపు ముక్క) మీద పడితే రబ్బరు లోహానికి అతుక్కోదు, ఆ రిజెక్షన్లను ఎవరి ఖాతాలో రాస్తున్నారు?

చంద్రగిరి: ఇందులో హానికర రసాయనం ఉంటుందని విన్నాను.

చిత్తూరు టూల్‌రూమ్: మీరు విన్నది పీఎఫ్‌ఓఏ గురించి అయి ఉంటుంది. అది పాలిమర్ తయారీలో వాడిన సహాయక రసాయనం, 2019లో విష రసాయనాలను కట్టడి చేసే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోకి ఎక్కింది. అది లేని పూతలు దొరుకుతున్నాయి, అడిగి తీసుకోండి.

గాజులమండ్యం రబ్బరు: నాకు పాఠాలు వద్దండీ! ఆ డై నాది కాదు, ఆర్డరిచ్చిన పార్టీది. పూత వేయించమని ఫోనులో చెప్పింది వాళ్లు, బిల్లు కట్టింది నేను, గట్టిదనం పోయిందని నష్టం నా ఖాతాలో వేస్తూ డెబిట్ నోటు పంపింది మళ్లీ వాళ్లే.

చిత్తూరు టూల్‌రూమ్: ఈ మాట మొదటే చెప్పవలసింది. మాకూ ఇదే బాధ: ఉక్కు గ్రేడు జాబ్ వర్కు (కూలికి పని చేసే) వాళ్లకు తెలియదు, తెలిసిన పార్టీ చెప్పదు, చివరకు నింద మాత్రం ఓవెన్ పెట్టుకున్నవాడి మీద పడుతుంది. డై పంపినప్పుడు మీ చలానాలో డీ2 అని రాశారా?

గాజులమండ్యం రబ్బరు: ‘డై, ఒకటి’ అని రాశాను.