కింది కోర్టులో ఓడిపోయాం, అప్పీల్ వేస్తే డిక్రీ ఆగిపోతుందా?

ప్రశ్న:
ఇంటి స్థలం దావాలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టు స్థలం ఖాళీ చేసి అప్పజెప్పమని నాన్నగారి మీద డిక్రీ ఇచ్చి 12 రోజులైంది. జిల్లా కోర్టుకు అప్పీల్ వేద్దాం అంటున్నారు లాయరు గారు. నాన్నగారికి ఒకటే టెన్షన్, గేటు చప్పుడైతే చాలు రాత్రి లేచి కూర్చుంటున్నారు. అప్పీల్ వేసేస్తే వాళ్లు ఇక మా జోలికి రాలేరు కదా? బీరువాలో పాత పన్ను రసీదులు ఇప్పుడు దొరికాయి, అవి చూపించొచ్చా?

జవాబు 1:
అప్పీల్ వేసినంత మాత్రాన డిక్రీ ఆగదండీ, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 చూడండి. అప్పీల్‌తో పాటే స్టే పిటిషన్ వేయాలి, ఆపకపోతే మీకు గట్టి నష్టం జరుగుతుందని చూపించాలి, కోర్టు సెక్యూరిటీ (పూచీకత్తు) కూడా అడుగుతుంది. అప్పీల్ తయారయ్యేలోపే అవతలివాళ్లు ఈపీ (డిక్రీని అమలు చేయమని కోరే పిటిషన్) వేస్తారేమో అని భయంగా ఉంటే, అప్పీల్ గడువు దాటకముందే తీర్పిచ్చిన కోర్టునే కొన్నాళ్లు ఆపమని అడగొచ్చు.

జవాబు 2:
తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ముద్రతో ఇచ్చే నకలు) అప్లికేషన్ పెట్టారా? జిల్లా కోర్టుకైతే 30 రోజులే గడువు, 90 రోజులు హైకోర్టుకు. కాపీ తయారవడానికి పట్టిన రోజులు ఇందులోంచి తీసేస్తారు. కాపీ మీద స్టాంపు వేసి అప్లికేషన్ పెట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ, మీ చేతికిచ్చిన తేదీ రాస్తారు, లెక్కంతా వాటి మీదే. రెడీ అయ్యాక మీరు తెచ్చుకోకుండా వదిలేసిన రోజులు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేసి కారణం చెప్పుకోవాలి, అంతదాకా తెచ్చుకోకండి.

జవాబు 3:
రసీదుల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు తమ్ముడూ. అప్పీల్ అంటే కేసు మళ్లీ మొదటి నుంచి నడపడం కాదు, కింద రికార్డుకెక్కిన సాక్ష్యాన్నే పైకోర్టు చూస్తుంది. కొత్త కాగితాలు పెట్టాలంటే ఆర్డర్ 41 రూల్ 27 కింద పిటిషన్ వేసి, ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పట్లో దొరకలేదని నమ్మించాలి. మన బీరువాలోనే ఉన్నాయంటే అది కష్టం. ముందు సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ కాపీలు తెప్పించి వరుసగా చదవండి, మీకు పనికొచ్చే మాట ఏదైనా జడ్జిగారు తీర్పులో వదిలేశారేమో పెన్సిల్‌తో గీత గీసుకోండి. మొదటి అప్పీల్లో సాక్ష్యాలనూ చట్టాన్నీ రెండింటినీ తిరగదోడొచ్చు. రెండో అప్పీల్‌కు వెళ్తే ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉంటేనే వింటారు, కాబట్టి మీ బలమంతా ఇక్కడే పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
కాపీకి ఇంకా పెట్టలేదండీ, లాయరు గారు పెట్టేశారనుకున్నాను. ఇప్పుడే ఫోన్ చేశాను, రేపు పొద్దున్నే ఆయనతో పాటు నేనూ కోర్టుకు వెళ్తున్నాను. స్టే పిటిషన్ గురించి కూడా అక్కడే అడుగుతాను.