40 వేలలో తొలి డెస్క్‌టాప్ సొంతంగా బిగించుకోవాలి: ఈ కొటేషన్‌లో ఏటి మార్చాలి?

ఆమదాలవలస_08

అందరికీ నమస్కారం. 40 వేల లోపు కొత్త సిస్టమ్ సొంతంగా బిగించుకోవాలని చూస్తున్నాం. దాని మీద జరిగే పనులివి: బీటెక్ చదువుకు జావా, పైథాన్, వచ్చే ఏడు ఆండ్రాయిడ్ స్టూడియో. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు. రాత్రి కాసేపు వాలరంట్ గేమ్. పాత మానిటర్ ఉంది, దానికి వీజీఏ పోర్టు ఒక్కటే. కీబోర్డు, మౌస్ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు కొనం, ఏడాది ఆగి చూస్తాం.

ఒక షాపులో ఇచ్చిన కొటేషన్: ఐ3 12100ఎఫ్, హెచ్610 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటి, 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, 500 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో (కరెంటు సరఫరా చేసే పెట్టె) కలిపి గేమింగ్ కేబినెట్.

ఇందులో ఏటి మార్చాలి? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ మళ్లీ వేరేగా కావాలా? మాది లైను చివరి ఇల్లు, ఓల్టేజీ కుదురుగా ఉండదు.

నాగావళి_గట్టు

ఆ కొటేషన్ ఉన్నదున్నట్టు కొంటే మీ మానిటర్ మీద బొమ్మే రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. కార్డు కూడా లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. మొదటిసారి బిగించేవాళ్లు బోర్డు పాడైందనుకుని రెండు రోజులు వెతుక్కునేది ఇక్కడే. ఎఫ్ లేని 12100లో యూహెచ్‌డీ 730 ఉంటుంది. తేడా కొద్దిపాటి డబ్బే.

అయితే మీ పనులకు నేను రైజెన్ 5 5600జీ అంటాను. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, లోపలే వేగా 7 గ్రాఫిక్స్. కోడింగ్‌కి కోర్లు పనికొస్తాయి, వాలరంట్‌ని సెట్టింగ్స్ తగ్గించుకుని కార్డు లేకుండా హాయిగా ఆడొచ్చు. 12100 కూడా మంచిదే, గేమ్స్ దగ్గర మాత్రం దాని గ్రాఫిక్స్ బాగా వెనకబడుతుంది. పేజ్‌మేకర్ గురించి ఆలోచించకండి, 2001 నాటి సాఫ్ట్‌వేర్‌కి వీటిలో ఏదైనా ఎక్కువే. ఒక జాగ్రత్త: 5500, 5600 అని జీ లేకుండా అమ్మేవాటిలో గ్రాఫిక్స్ ఉండదు. ఒక్క అక్షరం తేడాతో మళ్లీ నల్ల తెరే.

బోర్డు ఏ520 చాలు. బీ550 కోసం ఎక్కువ పెట్టకండి, ఎందుకంటే 5600జీ ఎలాగూ పీసీఐఈ (కార్డులు, ఎస్ఎస్‌డీ ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) 3.0 దగ్గరే ఆగిపోతుంది. బోర్డు వెనక వీజీఏ పోర్టు ఉందో లేదో చూసి కొనండి. చాలా ఏ520 బోర్డులకు ఉంటుంది. లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి, అది లోపల చిప్ ఉన్నదై ఉండాలి. రెండు చివర్లూ తీగలతో కలిపేసిన ఉత్త కేబుల్ పనిచేయదు.

ర్యామ్ దగ్గర ఆ కొటేషన్ మరీ అన్యాయం. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. 8లో 2 జీబీ దానికి పోతే మిగిలేది 6. దాంట్లో ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ (తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్) నడవదు. వేగం సంగతి చూసినా అంతే: 3200 వేగం ర్యామ్ స్టిక్ ఒకటైతే సెకనుకు 25.6 జీబీ దారి, రెండు పెడితే 51.2. వేగా 7 పనితనం అంతా ఈ దారి వెడల్పు మీదే ఉంటుంది. కాబట్టి 8 జీబీవి రెండు, 3200, ఒకే ప్యాకెట్‌లో వచ్చే జత తీసుకోండి.

ఎస్ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా గుచ్చే వేగమైన రకం). సాటా రకం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. 256 అయితే విండోస్, స్టూడియో, ఎమ్యులేటర్ ఫైళ్లు, ఒక గేమ్ పెట్టేసరికి నిండిపోతుంది. ఎన్‌వీఎంఈ మీద నాలుగో తరం (పీసీఐఈ 4.0) అని రాసి ఉన్నా ఈ ప్రాసెసర్‌తో మూడో తరం వేగంతోనే నడుస్తుంది. ఏది చవకైతే అది.

2025 చివర నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి, వారానికోలా ఉంటున్నాయి, అందుకే అంకెలు రాయడం లేదు. డబ్బు చాలకపోతే ముందు కేబినెట్ అద్దాలు, రంగు లైట్లు వదిలేయండి. అప్పటికీ చాలకపోతే 5600జీ బదులు ఎఫ్ లేని 12100కి దిగండి. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం తగ్గించకండి.

చంపావతి_విజయనగరం

ఆ చివరి మాట దగ్గర నుంచి నేను అందుకుంటాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సిస్టమ్ ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేది ప్రాసెసర్ కాదు, కరెంటు.

కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 500 అని ఎంత పెద్దగా రాసి ఉన్నా, పక్కనున్న స్టిక్కర్ చదువు తమ్ముడూ. 12 ఓల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడు, 12తో గుణించు. 14 ఆంపియర్లని ఉంటే అది 168 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఆ 12 ఓల్టుల నుంచే. నిజంగా 450 వాట్లు ఇచ్చేదాని మీద ఆ గడిలో 36కు అటూ ఇటూ ఉంటుంది. చవకదాంట్లో కెపాసిటర్లు చిన్నవి, ఓల్టేజీ ఎగిరితే ఆపే రక్షణ సర్క్యూట్లు ఉండవు. అది పోయేటప్పుడు బోర్డునో ఎస్ఎస్‌డీనో వెంట తీసుకుపోతుంది. ఎస్ఎస్‌డీ పోతే అందులో ఉన్న డీటీపీ ఫైళ్లూ పోతాయి.

450 లేదా 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే ముద్ర) ఎస్ఎంపీఎస్ విడిగా కొను. ఏడాది తర్వాత కార్డు అంటున్నావు కాబట్టి 550 అయితే నిశ్చింత. మూడు విషయాలు అడుగు: ప్రాసెసర్ కోసం 4+4 పిన్నుల కేబుల్, కార్డు కోసం 6+2 పిన్నుల కేబుల్ ఉన్నాయా, స్టిక్కర్ మీద ఇన్‌పుట్ ఎంత రాశారు. 100–240 అని ఉంటే ఓల్టేజీ తగ్గినా లాక్కొస్తుంది, స్టెబిలైజర్ అక్కర్లేదు. కొన్ని బ్రాంజ్ రకాల మీద కూడా 200–240 అనే ఉంటుంది. లైను చివరి ఇంటికి అవి వద్దు.

ఇక ఇన్వర్టర్. కరెంటు పోయిన క్షణానికీ బ్యాటరీ అందుకునే క్షణానికీ మధ్య కొద్ది సందు ఉంటుంది. మంచి ఎస్ఎంపీఎస్ నిండు లోడు మీద దాదాపు 16 మిల్లీసెకన్లు తన కెపాసిటర్లలో ఉన్నదానితో నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ వెనక ఎకో, యూపీఎస్ అని మీట ఉంటే యూపీఎస్ వైపు పెట్టు, ఆ సందు తగ్గుతుంది. ఎకోలో ఉంచితే కరెంటు పోయినప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ కావచ్చు. అది ప్యూర్ సైన్ వేవ్ రకమైతే మంచిది. స్క్వేర్ వేవ్ అయితే దీని మీద ఆధారపడకుండా చిన్న యూపీఎస్ పెట్టుకో. 600 వీఏ అంటే 360 వాట్లు. కార్డు లేని 5600జీ సిస్టమ్, మానిటర్ కలిపినా అందులో సగానికి చేరడం అరుదు. మానిటర్ ప్లగ్గు కూడా బ్యాటరీ వైపు సాకెట్‌లోనే ఉండాలి. చాలా యూపీఎస్‌లకు ఒకటి రెండు సాకెట్లు స్పైక్ రక్షణ మాత్రమే ఇస్తాయి, బ్యాటరీ ఇవ్వవు. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాల్సిందే.

వీటన్నిటికంటే ముందు ఎర్తింగ్. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంత చూపిస్తే దాదాపు అంతే చూపాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు ఓల్టులు దాటకూడదు. ఎర్త్ లేకపోతే ఎస్ఎంపీఎస్ ముందు ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల మెయిన్స్‌లో సగం ఓల్టేజీ కేబినెట్ రేకు మీదికి వస్తుంది. చెయ్యి పెడితే చిమచిమలాడేది అదే. చాలామంది దాన్ని మామూలే అనుకుంటారు, మామూలు కాదు. ఎర్త్ లేకుండా స్పైక్ గార్డు కూడా సగం పనే చేస్తుంది.

ఉరుముల వేళ, తుపాను ముందు పవర్ ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా పీకెయ్యి. పిడుగు దెబ్బ ఆ దారినా వస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే మన మీద పడ్డాయి. అలాంటప్పుడు లైను మళ్లీ వచ్చిన మొదటి గంటలో ఓల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, బల్బులు కుదుటపడ్డాకే ప్లగ్గు పెట్టు.

ఆమదాలవలస_08

చాలా వివరంగా రాశారన్నా, ధన్యవాదాలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరే ఉంది, యూపీఎస్ లెక్కలో వేసుకుంటాం. ఇంకో రెండు సందేహాలు. 8 జీబీ ఇప్పుడొకటి కొని రెండోది తర్వాత కొంటే నష్టమా? కొనడానికి విశాఖ వెళ్లడమా, ఇక్కడే తెప్పించమనడమా?

బొబ్బిలి_వీణ

తర్వాత కొన్నా పని జరుగుతుంది. అదే కంపెనీ, అదే మోడల్, అదే వేగం దొరికితేనే సాఫీగా ఉంటుంది. ఒకే మోడల్ నంబరు కింద కూడా ఆరు నెలల తర్వాత లోపలి చిప్పులు మారిపోతుంటాయి, అప్పుడు రెండూ కలిసి 3200 దగ్గర నిలవక 2933కో 2666కో దించుకోవాల్సి రావచ్చు. రెండో స్టిక్ వచ్చేదాకా గేమ్స్ నత్తనడకే. వీలైతే జతగానే కొనండి.

కొనే చోటు సంగతి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ మీ ఊళ్లోనే కదా, పొద్దున రైలెక్కితే విశాఖ ద్వారకానగర్‌లో నాలుగు షాపులు తిరిగి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అయితే ధర ఒక్కటే చూడొద్దు. మొదటి వారంలో బోర్డు మొరాయిస్తే మళ్లీ వంద కిలోమీటర్ల పైచిలుకు మోసుకుపోవాలి. స్థానిక షాపు పై లిస్టు ప్రకారం తెప్పించి మార్పిడి బాధ్యత తీసుకుంటానంటే కాస్త ఎక్కువైనా అక్కడే కొనండి. ఎక్కడ కొన్నా ప్రతి పార్టు సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు ఉండాలి. 'కంప్యూటర్ సెట్ 1' అని ఒక్క ముక్క రాసిన బిల్లుతో వారంటీ అడగలేరు. ఆన్‌లైన్ అయితే పార్శిల్ విప్పడం మొత్తం ఆపకుండా వీడియో తీయండి.

ప్రాసెసర్ డబ్బాలో ఉన్నదే కొనండి, డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే రకం వద్దు. డబ్బాలో కూలర్ వస్తుంది, మూడేళ్ల వారంటీ ఉంటుంది. బోర్డు డబ్బా మీద రైజెన్ 5000కి సిద్ధం అనే స్టిక్కర్ వెతకండి. 2021కి ముందు తయారైన పాత సరుకైతే 5600జీని గుర్తుపట్టదు, బయాస్ (బోర్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మని కౌంటర్ దగ్గరే అడగాలి. ఇంటికి తెచ్చాక చేయాలంటే యూపీఎస్ లేకుండా చేయకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది.

'ఐ7, 16 జీబీ' అంటూ సగం ధరకు కనిపించే సెట్ల జోలికి పోకండి. అవి చాలావరకు 2012 నాటి మూడో తరం ప్రాసెసర్లు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

నాగావళి_గట్టు

బిగించేటప్పుడు తప్పులు జరిగే చోట్లు మాత్రం రాస్తాను.

బోర్డుని కేబినెట్‌లో పెట్టకముందే, దాని అట్టడబ్బా మీద ఉంచి ప్రాసెసర్, కూలర్, రెండు ర్యామ్‌లు, ఎస్ఎంపీఎస్, మానిటర్ మాత్రమే కలిపి ఒకసారి వెలిగించండి. బోర్డు మీది పవర్ స్విచ్ పిన్నులు రెండిటినీ స్క్రూడ్రైవర్ మొనతో క్షణం తాకిస్తే ఆన్ అవుతుంది. ఇక్కడ బొమ్మ వచ్చి కేబినెట్‌లోకి వెళ్లాక రాకపోతే తప్పు కేబినెట్‌లోనే ఉన్నట్టు. బోర్డు రంధ్రం లేని చోట మిగిలిపోయిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని రేకుకు తగలకుండా ఎత్తి పట్టే మేకు) ఒక్కటి చాలు షార్ట్ చేయడానికి.

ప్రాసెసర్ మూల మీదున్న బంగారు త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజానికి కలపండి. సాకెట్ మీట ఎత్తి, ప్రాసెసర్‌ని వదిలితే దానంతటదే కూర్చోవాలి. నొక్కితే పిన్నులు వంగుతాయి. కూలర్‌కి నాలుగు స్క్రూలు. ముందుగా బోర్డు మీదున్న ప్లాస్టిక్ దిమ్మెలు రెండూ విప్పాలి, విప్పగానే వెనక ప్లేటు జారిపడుతుంది, చేత్తో పట్టుకోండి. కూలర్ అడుగున పేస్టు ముందే ఉంటుంది, మళ్లీ రాయక్కర్లేదు. స్క్రూలు ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించండి. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది.

మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికి బోర్డు నిమిషం దాకా తీసుకోవచ్చు. కంగారుపడి ఆపకండి. బొమ్మ వచ్చాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, చేయకపోతే 3200 ర్యామ్ 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. ఎస్‌వీఎం మోడ్ (వర్చువలైజేషన్) ఆన్ చేయండి, అది లేకపోతే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ మొండికేస్తుంది. ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో, పాత పద్ధతి బూట్ కోసం ఉండే సీఎస్ఎం ఆఫ్‌లో పెట్టాకే విండోస్ 11 ఎక్కించండి. ముందు ఎక్కించి తర్వాత మార్చబోతే డిస్కు పాత పద్ధతిలో ఉండి బూట్ కాదు. వాలరంట్ కూడా విండోస్ 11 మీద ఆ రెండూ లేనిదే తెరుచుకోదు.

చంపావతి_విజయనగరం

ఒకటి మరిచాను. కేబినెట్ ముందు జాలీ, దుమ్ము వడపోత ఉన్నది తీసుకో. ముందు ఒక ఫ్యాన్ లోపలికి, వెనక ఒకటి బయటికి. వెనక వాడని స్లాట్లకు రేకులు తప్పక బిగించు. ఆ సందుల్లోంచి బల్లి దూరి బోర్డు మీద షార్ట్ చేయడం మన దగ్గర తరచూ జరిగేదే. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లకు ఉప్పుగాలి తోడు. వాళ్లు సిస్టమ్‌ని వారాల తరబడి ఆపి ఉంచకుండా రెండ్రోజులకోసారి గంటసేపు నడపాలి, ఆ వేడికి తేమ చేరదు. గచ్చు మీద పెట్టకుండా అడుగు ఎత్తున స్టూలు మీద ఉంచాలి.

ఆమదాలవలస_08

షాపులో మాట్లాడాం. 5600జీ డబ్బాది, ఏ520 వీజీఏ ఉన్నది, 8 జీబీ జత, 500 జీబీ ఎన్‌వీఎంఈ, 550 వాట్ల బ్రాంజ్ విడిగా, సీరియల్ నంబర్లతో బిల్లు. తెప్పిస్తామన్నారు. కార్డు కొనేటప్పుడు ఈ బోర్డుకి ఏ రకం నప్పుతుంది?

నాగావళి_గట్టు

మీది పీసీఐఈ 3.0 కాబట్టి నాలుగే లేన్లతో (డేటా వెళ్లే దారులు) నడిచే ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ వద్దు, వాటి వేగం బాగా పడిపోతుంది. ఎనిమిది లేన్లున్న ఆర్‌ఎక్స్ 6600 లాంటిది చూడండి. అది తినేది 132 వాట్లు, ఎనిమిది పిన్నుల కేబుల్ ఒకటి కావాలి, మీ 550 దానికి సరిపోతుంది. ఆ రోజు మానిటర్ కేబుల్‌ని బోర్డు నుంచి తీసి కార్డుకి పెట్టాలి. కార్డు మీద వీజీఏ ఉండదు, అప్పటికి చిప్ ఉన్న కన్వర్టరో కొత్త మానిటరో కావాలని ఇప్పుడే లెక్కలో వేసుకోండి.