అమ్మే ముందు ఫ్లాట్‌కి రంగులేయించాలా, ఉన్నది ఉన్నట్టు చూపించాలా?

మురళీనగర్_వాసి:
మాది విశాఖలో పాతికేళ్ల అపార్ట్‌మెంట్, పై అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్. అమ్ముదామనుకుంటున్నాం. "పుట్టీ పెట్టించి రంగులేయించండి, హాల్లో ఫాల్స్ సీలింగ్ కొట్టించండి, మూడు లక్షలవుద్ది కానీ రేటు దానంతటదే లేస్తుంది" అంటాడు బ్రోకర్. "కొన్నవాడు ఎలాగూ తనకి నచ్చిన రంగేసుకుంటాడు, మన డబ్బెందుకు తగలెయ్యడం" అంటారు నాన్నగారు. మీరేమంటారు?

బీచ్‌రోడ్_బాబు:
బ్రోకర్ మాటే రైటు గురూ. మధురవాడలో మెరిసిపోయే కొత్త ఫ్లాట్లు చూసి మీ ఇంటికొస్తారు జనం. స్విచ్‌బోర్డు చుట్టూ నల్లటి చేతి మరకలు, బాత్రూమ్ తలుపు కింద ఉబ్బిన చెక్క కనబడితే చాలు, బేరం అక్కడే రెండు లక్షలు కిందికి దిగుద్ది.

సివిల్_తాతయ్య:
మరకలు తుడిపించడానికి మూడు లక్షలెందుకు నాయనా?

పై అంతస్తు అన్నారు కాబట్టి చెప్తున్నాను. మన ఊళ్లో ఉప్పుగాలికి, పైనుంచి దిగే చెమ్మకి స్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. పాత ఇంట్లో కొత్త ఫాల్స్ సీలింగ్ చూస్తే నాలాంటివాడికి వచ్చే మొదటి అనుమానం, పైన ఏదో దాచారని. తెలిసినవాళ్ల కోసం ఫ్లాట్లు చూడ్డానికెళ్తే నేను ముందు బాత్రూమ్ అవతలి గోడ చూస్తాను. వేలి కణుపుతో కొడితే గట్టి ప్లాస్టరు టక్కుమంటుంది, లోపల విడిపోయింది డొల్లగా పలుకుతుంది. తడి గోడ మీద పుట్టీ పెట్టారా, ఒక్క వానాకాలంలో తెల్లటి ఉప్పు పొడి పైకి వచ్చేస్తుంది. గోటితో గీకితే పొరలు పొరలుగా రాలుతుంది.

ఇంకో సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 55 ప్రకారం, కొనేవాడు మామూలుగా చూస్తే కనబడని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పాలి. లీకు మీద రంగేసి "ఏ సమస్యా లేదండి" అనడం బేరసారాల చమత్కారం కాదు.

కాబట్టి టెర్రస్ లీకుంటే ముందు అది కట్టించండి, గోడలు పూర్తిగా ఆరనివ్వండి, ఆ తర్వాతే బ్రష్షు పట్టండి. ఫాల్స్ సీలింగ్ వద్దే వద్దు.

ఎంవీపీ_పాతకాపు:
ఇండిపెండెంట్ ఇల్లయితే అసలీ చర్చే అక్కర్లేదు. మా సెక్టారులో పాత ఇల్లు కొనేవాడు గజాలు లెక్కేసుకుంటాడు, రోడ్డు వెడల్పు చూస్తాడు. రేపు పడగొట్టే గోడకి రంగేంటండీ!

బీచ్‌రోడ్_బాబు:
ఆయనది ఫ్లాట్ అండీ బాబూ. తాతయ్యగారూ, లీకు సంగతి ఒప్పుకుంటా. కానీ గోడలు గట్టిగా ఉన్నాయో లేదో అని ఇల్లు చూడ్డానికొచ్చినావిడ వేలి కణుపుతో కొట్టి చూస్తుందా? గుమ్మంలోంచే తేల్చేస్తుంది. కనీసం హాలుకి, వంటగదికి లేత రంగు ఒక కోటింగ్, బాల్కనీ గ్రిల్స్‌కి తుప్పు గీకించి పెయింటు. అటక మీది సామాన్లు, మంచాల కింది పెట్టెలు ఖాళీ చేస్తే ఇల్లు పెద్దగా కనబడుద్ది. దానికి పైసా ఖర్చు లేదు.

లెక్కల_మాస్టారు:
రంగుల బిల్లు క్యాపిటల్ గెయిన్స్‌లో, అంటే ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లెక్కలో, తగ్గించుకోవచ్చని కొందరు అనుకుంటారు. మామూలు రంగులు, చిన్న రిపేర్లు అందులో సాధారణంగా చెల్లవు. ఆ శ్రద్ధేదో కాగితాల మీద పెట్టండి. తాజా ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల నాటి దస్తావేజులు), జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటిపన్ను రశీదు, అసోసియేషన్ బాకీలు లేవనే లెటరు ఒక ఫైల్లో పెట్టి చేతికిస్తే టోకెన్ అడ్వాన్స్ తొందరగా పడుతుంది. బ్యాంకు లోనుతో కొనేవాడికైతే మరీను.

మురళీనగర్_వాసి:
ఫాల్స్ సీలింగ్ మానేశాం. నాన్నగారు ఒక కోటింగ్‌కి దిగొచ్చారు. కానీ లీకయ్యే టెర్రస్ అందరిదీ కదా, కింది అంతస్తులవాళ్లు "కారేది మీ ఇంట్లోకి, ఖర్చూ మీదే" అంటున్నారు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్. అక్కడ ఏం మాట్లాడాలో చెప్పండి ఎవరైనా.