టర్కీ పెష్కిర్ తువ్వాలు అంచు కుట్టు: రెండు వైపులా ఒకేలా రావాలంటే?

నారబట్ట: 28 కౌంట్ (అంగుళానికి 28 పోగుల) లినెన్ మీద హెసాప్ ఇషి అనే టర్కీ ఎంబ్రాయిడరీ కుడుతున్నాను. ముందు వైపు బాగానే ఉంది, వెనక గీతలు మెట్లు మెట్లుగా వస్తున్నాయి. ముడి లేకుండా దారం నిలిపేదెలా?

గవంతి: హెసాప్ అంటే మన హిసాబే. పోగులు లెక్కపెట్టి కుట్టేది కాబట్టి ఆ పేరు. గీతల వరకు కర్ణాటక కసూటి ఎంబ్రాయిడరీలో గవంతి కుట్టు ఎలాగో ఇదీ అలాగే: రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పోయి, తిరుగు విడతలో ఖాళీలు నింపాలి. తిరుగు విడతలో సూది పక్క మారితే మెట్లు వస్తాయండి. పాత కుట్టుకు ఎగువ పక్క పైకి తీస్తే, దిగువ పక్కనే కిందికి దించాలి. చివరిదాకా అదే వరస. 26 నంబరు మొండి మొన సూది వాడండి. వాడి మొన మొదటి విడత దారాన్ని చీల్చేస్తుంది, ఆపైన తప్పు కుట్టు విప్పడం కూడా కుదరదు.

పట్టుపోగు: ముడి వద్దే వద్దు. 10 సెం.మీ. తోక వదిలి, నిండుగా కుట్టే పూరేకు లోపల మొదలుపెట్టండి. తర్వాత తోకను ఆ కుట్ల కింద దూర్చేయవచ్చు. సన్నని కాడ దగ్గర దాచే చోటుండదు. అక్కడే దారం అయిపోతే పాత తోకనూ కొత్త తోకనూ అవే రంధ్రాల్లోంచి మూడు నాలుగు కుట్లు నడిపించి కత్తిరించాలి. దారం 40 సెం.మీ. మించితే నూగు లేస్తుంది.

నారబట్ట: వెనక వైపు మీద అంత పట్టింపు ఎందుకండీ?

గవంతి: పెష్కిర్ పొడవాటి సన్నని తువ్వాలు, పూలు రెండు పొట్టి అంచుల్లోనే ఉంటాయి. మడిచినా వేలాడదీసినా వెనక వైపు కనబడుతుంది. నా దృష్టిలో ఈ పనికి అందమంతా అక్కడే.

జాలీపని: రేకుల లోపల వలలా కనిపించేది ముషబాక్. పోగులు కోయరు. ఏటవాలు కుట్టును బిగించి లాగితే పోగులు దగ్గరికి జరిగి కన్నాలు తెరుచుకుంటాయి. (పోగులు కోసి తీసేసేది టర్కీలో గాజియాంతెప్ వైపు చేసే ఆంతెప్ ఇషి, రెండూ కలపకండి.) ఒంటి పోగు దారమే వాడాలి, లావుదైతే కన్నం పూడిపోతుంది. పాప్లిన్ లాంటి గట్టి నేతలో ఎంత లాగినా కన్నం పడదు. ఫ్రేమును మరీ బిగించినా పోగులు కదలవు, కాస్త వదులుగా ఉంచండి. అన్ని కుట్లకూ ఒకే లాగుడు ఉండాలి. లేకపోతే ఒక కన్నం పెద్దది, ఒకటి చిన్నది అయి రేకు వంకర పోతుంది.

పట్టుపోగు: చదును లోహపు తీగతో చేసే తెల్ కిర్మా మాత్రం వేరే పని, మన ముకైష్ తీగపనికి చుట్టం. టర్కీలోని బార్తిన్ ఊరు దానికి పేరు. కిర్మా అంటే విరవడం, తీగను గోటితో మడిచి విరుస్తారు.

నారబట్ట: ఉతకడం?

జాలీపని: లినెన్‌ను కుట్టకముందే ఉతికి ఆరబెట్టండి. తర్వాత కుదించుకుంటే కుట్టు చుట్టూ ముడతలు పడతాయి. రంగు దారాన్ని తడి తెల్లదూదితో అద్ది చూడండి. దూదికి రంగు అంటితే నీళ్లలో పెట్టకండి. ఇస్త్రీ మందపు తువ్వాలు మీద బోర్లా వేసి చేయండి. లోహపు తీగ ఉంటే ఉతకవద్దు, మడవవద్దు. మడత పడ్డచోటే తీగ తెగుతుంది, చుట్టగా చుట్టి దాచండి.