చేసి చూడని చిట్కాలు ఇంత తేలిగ్గా ఎలా పాకుతున్నాయి?

బోరునీళ్ల_బాధితుడు (చర్చ మొదలుపెట్టినవారు)
మా చుట్టాల గ్రూపులో ఈ వారమంతా ఒకటే వీడియో. కుళాయి మీద పేరుకున్న తెల్లమరకకి వంటసోడా రాసి, పైన వెనిగర్ పోస్తారు. బుస్సున పొంగుతుంది. మరుక్షణం కుళాయి తళతళా మెరుస్తుంది. మాది బోరు నీళ్ల ఇల్లని అందరికీ తెలుసు, అందుకే తలా ఒకసారి నాకే పంపారు. మీలో ఎవరైనా చేసి చూశారా అని అడిగితే ఒక్కరూ పలకలేదు. చూడకుండానే ఇంత ధీమాగా ఎలా పంపుతారు?

పాలకొల్లు_పద్మ
మా సింక్‌కి నేను అదే వాడతాను. శుభ్రంగా పని చేస్తుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
పద్మ గారూ, పని చేసింది మీ చెయ్యి, ఆ పొంగు కాదు. వెనిగర్‌లో ఉండేది ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, మిగిలేది సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు. తెల్లమరకలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. దాన్ని కరిగించేది ఆమ్లం. ఆ ఆమ్లాన్ని మీరు ముందే సోడాకి ఖర్చు పెట్టేస్తున్నారు. ఉత్త వెనిగర్‌లో గుడ్డ తడిపి కుళాయికి చుట్టి కాసేపు వదిలేస్తే చాలు. జిడ్డుకి కావాలంటే సోడా విడిగా వాడండి. అయితే చుట్టిన గుడ్డని అరగంట సేపు ఎవరు చూస్తారు? పొంగు కళ్లకి కనబడుతుంది, కాబట్టి పాకుతుంది.

పాలకొల్లు_పద్మ
ఆ పొంగే కదండీ మురికిని పైకి తెచ్చేది.

కెమిస్ట్రీ_మాస్టారు
పైన మూత లేని సింక్‌లో గ్యాస్ గాల్లోకి పోతుంది. పైపులో మురికిని తొయ్యదు.

పాలకొల్లు_పద్మ
మీరు మా సింక్ చూశారా?

రిటైర్డ్_రాంబాబు
ఈ చర్చే నాకు అర్థం కావడం లేదు. వంటసోడా, నిమ్మకాయ, ఉప్పు, ఇవన్నీ ఇంట్లో ఉన్నవే. పని చేస్తే లాభం, చెయ్యకపోతే పోయేదేముంది? గ్యాస్ సిలిండర్‌ని తడిగుడ్డతో తుడిస్తే గ్యాస్ ఎంతవరకు ఉందో తెలుస్తుందని మా ఇంట్లో ఎప్పటినుంచో చేస్తున్నారు. దాన్ని ఏ ల్యాబులో పరీక్ష చేయించారు? ఇప్పటివాళ్లకి పెద్దలు ఏది చెప్పినా ఋజువు కావాలి.

కెమిస్ట్రీ_మాస్టారు
అది నిజంగానే పని చేస్తుందండీ. ద్రవం ఉన్న మేర సిలిండర్ తొందరగా వేడెక్కదు, అక్కడ తడి ఆలస్యంగా ఆరుతుంది. ఎవరి ఇంట్లో వాళ్లే చూసుకోవచ్చు, తప్పయితే ఆ నెలలోనే బయటపడుతుంది. ఉల్లిరసం రాస్తే జుట్టు పెరుగుతుందన్న దానికి ఆ సౌకర్యం లేదు. పెరగకపోతే 'సరిగ్గా రాయలేదు' అంటారు. పని చెయ్యనివాళ్లు మళ్లీ వచ్చి చెప్పరు కూడా.

బియ్యం_డబ్బా
ఫోన్ తడిస్తే నన్ను గుర్తు చేసుకుంటారు. ఆపిల్ వాళ్లే వద్దన్నారు, బియ్యంలోని నలుసులు ఫోన్‌ని పాడు చేయొచ్చట. అయినా పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు.

మియాపూర్_మిత్ర
మాస్టారు చెప్పింది సగమే. కనబడటంతో పాటు పదే పదే వినబడటం కూడా ఉంది. విన్నమాటే మళ్లీ వింటే అది నిజమనిపించడం పెరుగుతుందని అమెరికాలో 1977లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. వాట్సాప్ కూడా 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి 5 చాట్‌లకి తగ్గించింది. బాగా తిరిగిన మెసేజ్‌ని 2020 నుంచి ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తోంది. అలాంటి మెసేజ్ మీద వచ్చే రెండు బాణాల గుర్తు చూసి జనం అనుమానించాలి. మా వాళ్లయితే 'చూడు, ఎంతమంది పంపారో' అంటారు.

రిటైర్డ్_రాంబాబు
ఇంత ఉపన్యాసం ఇచ్చారు, నేను అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. పోయేదేముంది?

వంటింటి_వనజ
నేను చెప్తాను రాంబాబు గారూ. మా బాబు చేతి మీద వేడి సాంబారు ఒలికింది. నేను చెయ్యి కుళాయి కింద పెట్టబోతుంటే మా మరిది ఫోన్ చూపించి టూత్‌పేస్ట్ రాయించాడు, చల్లగా ఉంటుంది కదా వదినా అని. ఆసుపత్రిలో ముందు ఆ పేస్టంతా కడగాల్సి వచ్చింది. పిల్లవాడు ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయాలని డాక్టరు చెప్పారు. పోయేదేముంది అని ఇంకోసారి అనకండి.

రిటైర్డ్_రాంబాబు
అమ్మా, బాబుకి అలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ నేను మాట్లాడుతున్నది కుళాయి గురించి. వెనిగర్‌తో ఎవరి చెయ్యి కాలింది?

కెమిస్ట్రీ_మాస్టారు
కుళాయి దగ్గరే ఆగరుగా! బ్లీచింగ్ పౌడర్, బాత్రూం యాసిడ్ కలిపితే ఇంకా బాగా వదులుతుందని కూడా ఎవరో ఒకరు అంటారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు వేసి ఉన్న బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. ఎవరూ కలపకండి.

రిటైర్డ్_రాంబాబు
నేను అలాంటివి పంపను. చూడండి, మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. 'ఎలా ఉన్నావు' అని పెడితే రెండు రోజులకి జవాబు. చిట్కా పంపితే వెంటనే ఒక బొమ్మయినా వస్తుంది. నేనేం డబ్బు అడుగుతున్నానా, ఓటు అడుగుతున్నానా? ప్రతిదీ పరీక్ష చేసి పంపమనడమంటే నోరు మూసుకోమనడమే.

మియాపూర్_మిత్ర
అంకుల్, మాట్లాడటానికి చిట్కానే ఎందుకు? క్రికెట్ గురించి పంపండి.

రిటైర్డ్_రాంబాబు
క్రికెట్ వల్ల ఎవరికి ఉపయోగం? పెద్దవాడిని కదా, నాలుగు పనికొచ్చే మాటలు చెప్పాలనుకుంటాను.

వంటింటి_వనజ
ఇందాక మీ మీద కోపంగా రాశాను, కోపం ఇంకా పోలేదు. మీరు ప్రేమతోనే పంపుతారు, మా మరిదీ అంతే. కానీ చివరికి చెయ్యాల్సింది ఎవరు? మా ఇంట్లో మగవాళ్లు వీడియో చూసి 'ఇదిగో, ఇలా చెయ్యి' అని నాకు పంపుతారు. సోడా తెచ్చేది నేను, రుద్దేది నేను, మరక పోకపోతే 'నీకు చెయ్యడం రాలేదు' అనిపించుకునేదీ నేనే. వీడియో తప్పు అని మాత్రం ఎవరూ అనరు. పంపేవాళ్లకి ఖర్చు లేదు, అందుకే పాకుతున్నాయి. మీరు పంపే ముందు మీ ఇంటి కుళాయి మీద ఒక్కసారి చేసి ఫొటో పెట్టండి, నేనే పది మందికి పంపుతాను.

రిటైర్డ్_రాంబాబు
మా ఇంట్లో కుళాయిలు మా ఆవిడ చూసుకుంటుంది.

బియ్యం_డబ్బా
😂😂😂

పాలకొల్లు_పద్మ
మా సింక్ మాత్రం నేనే కడుక్కుంటానండీ. పని చేస్తుందనే అంటున్నాను.

బోరునీళ్ల_బాధితుడు
మాస్టారూ, ఇత్తడి కుళాయికి కూడా ఆ వెనిగర్ గుడ్డ చుట్టొచ్చా?

కెమిస్ట్రీ_మాస్టారు
ఎక్కువసేపు వద్దు, రంగు మారుతుంది. ముందు కనబడని మూల కొంచెం రాసి చూడండి.