నాన్నగారి ఫిలిప్స్ వాల్వు రేడియో: ఇన్నేళ్ల తర్వాత ప్లగ్గు పెట్టొచ్చా?

కాకినాడ_శ్రోత:
నాన్నగారి తర్వాత ఆయన ఫిలిప్స్ రేడియో నా దగ్గరికొచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా అటక మీదే ఉంది. వాల్వులు ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80. ఏదీ పగల్లేదు. కరెంటు వైరు మీది రబ్బరు మాత్రం పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, వాల్వు సెట్ల జోలికి ఎప్పుడూ పోలేదు. వైరు మార్చి ఆన్ చేసి చూడొచ్చా? ఏమేం కొనాలి? వెనక రికార్డు ప్లేయర్ కలిపే పికప్ సాకెట్‌కి ఫోన్ కలపొచ్చా? ఒక పెట్టెడు రికార్డులు కూడా ఉన్నాయి, ఎక్కువగా 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం), బూజు పట్టాయి.

వాల్వు_మేస్త్రి:
ఇప్పుడే ఆన్ చేయకండి. స్పీకర్‌ని నడిపే ఈఎల్84 వాల్వు గ్రిడ్డు (లోపలి కరెంటుని అదుపు చేసే జాలి) ముందు 0.01 లేదా 0.022 మైక్రోఫారడ్ కాగితం కండెన్సర్ ఒకటి ఉంటుంది, దాన్నే కప్లింగ్ కండెన్సర్ అంటారు. చెమ్మ పట్టి అది లీకైతే, దాని ముందున్న ఈబీసీ81 వాల్వు ప్లేటు (కరెంటు చేరే లోహపు భాగం) మీది వోల్టేజీ కొంత ఈఎల్84 గ్రిడ్డుకి చేరుతుంది. అప్పుడు ఆ వాల్వు అదుపు తప్పి కరెంటు లాగేస్తుంది. కాసేపు పాట బాగానే వస్తుంది, ఈలోగా లోపల ప్లేటు ఎర్రబడి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కండెన్సర్ పది, పదిహేను రూపాయలు. అదే ట్రాన్స్‌ఫార్మర్ పోతే చుట్టించుకోవాల్సిందే.

ముందుగా ప్లగ్గు గోడకు పెట్టకుండా, రేడియో స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్గు ఒక్కో పిన్నుకీ ఛాసిస్‌కీ (పార్టులు బిగించిన లోహపు చట్రం) మధ్య ఓంలు కొలవండి. కొద్ది ఓంలే చూపిస్తే ఛాసిస్‌కి నేరుగా కరెంటు వస్తుందన్న మాట. అలాంటి సెట్‌కి ఫోన్ కలపకూడదు, ఛాసిస్‌ని ముట్టుకోకూడదు. యూసీహెచ్81, యూసీఎల్82 లాంటి 'యూ' వాల్వుల సెట్లు సాధారణంగా ఆ రకమే. మీ వాల్వుల వరుసకి మామూలుగా కరెంటు లైను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అయినా కొలిచే నమ్మండి. విడి ట్రాన్స్‌ఫార్మర్ అని తేలితే మూడు తీగల వైరు వేసి, ఎర్త్ ఛాసిస్‌కి బిగించండి.

మార్చాల్సినవి: కాగితం కండెన్సర్లన్నీ, అవే విలువల్లో 630 వోల్టుల ఫిల్మ్ రకంతో. కరెంటు లైను నుంచి ఛాసిస్‌కి ఏదైనా కండెన్సర్ ఉంటే దాని బదులు వై2 (కరెంటు లైనుకి వేసే భద్రతా) రకమే. పెద్ద డబ్బా కండెన్సర్ బదులు 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు. ఈఎల్84 క్యాథోడ్ (వాల్వులో కరెంటు బయల్దేరే కొస) దగ్గరి చిన్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ కూడా. మైకా, సిరామిక్ జోలికి పోవద్దు. ఐఎఫ్ డబ్బాల్లోని (స్టేషన్ సిగ్నల్‌ని వడగట్టే కాయిల్స్ ఉన్న చిన్న లోహపు డబ్బాలు) స్క్రూలు అసలే తిప్పొద్దు, ట్యూనింగ్ మొత్తం చెడుతుంది. రెసిస్టర్లు పాతబడితే విలువ పెరుగుతుంది కాబట్టి ఒక కొస విప్పి కొలిచి, 20 శాతం దాటినవి మార్చండి.

కోఠి_గల్లీ:
వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటే మెల్లగా వోల్టేజీ పెంచుతూ పోతే డబ్బా కండెన్సర్ మళ్లీ కోలుకుంటుంది కదా? అసలు పార్టు అలాగే ఉంటుంది. విడిభాగాలకి హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నై అయితే రిచీ స్ట్రీట్ చూడండి. హమ్ (స్పీకర్‌లో గుయ్‌మనే చప్పుడు) తగ్గాలంటే 47 బదులు 100 వేయమంటాను.

వాల్వు_మేస్త్రి:
100 వద్దండి. ఈజెడ్80కి, అంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ వాల్వుకి, మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. దాటితే ఛార్జింగ్ కరెంటు దెబ్బకి రెక్టిఫైయర్ పోతుంది. వేరియాక్ సంగతంటారా, ఫిలమెంటు వేడెక్కందే ఈజెడ్80 కరెంటు ఇవ్వదు. సగం వోల్టేజీ దాకా కండెన్సర్‌కి ఏమీ అందదు, ఆపైన ఒక్కసారిగా అందుతుంది. డబ్బా చూడ్డానికి ఉండాలంటే తీగలు విప్పేసి అక్కడే ఉంచి, కొత్తవి ఛాసిస్ కింద కట్టండి. పాతదానికి సమాంతరంగా మాత్రం కలపొద్దు.

ఇవి అయ్యాక 100 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో (కరెంటు దాని గుండానే రేడియోకి వెళ్లేలా) పెట్టి ఆన్ చేయండి. ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్క క్షణం గట్టిగా వెలిగి తగ్గాలి, రెక్టిఫైయర్ వేడెక్కాక కొంచెం పెరగొచ్చు. తగ్గకుండా నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. స్పీకర్ తీగలు విప్పి ఎప్పుడూ ఆన్ చేయకండి. వెనక వోల్టేజీ ఎంచుకునే ప్లేటు 220 మీద ఉంటే 240 లేదా 245కి మార్చండి. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకి, 10 కిలోఓంల 5 వాట్ల రెసిస్టర్‌తో కండెన్సర్లు ఖాళీ చేయండి. అక్కడ 250 వోల్టుల పైనే డీసీ.

ఫోన్‌కి: కుడి, ఎడమ తీగల్లో చెరో 4.7 కిలోఓంలు పెట్టి, రెండో కొసలు కలిపి సాకెట్‌కి ఇవ్వండి. నేరుగా కలిపేస్తే ఫోన్‌లోని రెండు ఛానెళ్లు ఒకదాన్నొకటి లాగుతాయి.

లక్కప్లేటు:
78లు చాలావరకు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరుగుతాయి. మామూలు నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి, లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంట తుడిచి వెంటనే ఆరబెట్టండి. ప్లేయర్‌కి 78ల సూది (సుమారు 75 మైక్రాన్లు) వేరే ఉండాలి. ఎల్పీ సూది 78 గాడి అడుగున పొర్లుతూ గరగరమంటుంది, 78 సూది పెడితే ఎల్పీ పాడవుతుంది. పాత ప్లేయర్ దొరికినా క్రిస్టల్ పికప్ (సూది కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) మీద ఆశ పెట్టుకోకండి. అందులోని రోషెల్ లవణం మన కోస్తా ఉక్కకి ఎప్పుడో కరిగి ఉంటుంది.

ఇంకోటి: డయల్ గాజు లోపలి వైపు కొలిన్‌తో తుడవొద్దు. స్టేషన్ల పేర్లు ఆ వైపే అచ్చయి ఉంటాయి, గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి. పొడి బ్రష్ చాలు.

కాకినాడ_శ్రోత:
అన్నీ మార్చాను. బల్బు మీరు చెప్పినట్టే తగ్గింది. ఇప్పుడు బల్బు తీసి నేరుగా కలిపాను. ఈఎల్84 రెండో పిన్ను 0 వోల్టులు, మూడో పిన్ను 9.8. క్యాథోడ్ రెసిస్టర్ మీద 150 అని ఉంది. సరేనా?

వాల్వు_మేస్త్రి:
రెండో పిన్ను గ్రిడ్డు, మూడోది క్యాథోడ్. గ్రిడ్డు సున్నా అంటే కప్లింగ్ కండెన్సర్ బాగుంది. 9.8ని 150తో భాగిస్తే 65 మిల్లీఆంపియర్లు. ఈఎల్84 క్యాథోడ్‌కి అదే గరిష్ఠ పరిమితి, ఇలా నడపకూడదు. కానీ ఆ రెసిస్టర్‌ని కొలిచారా? 150 కాస్తా 205 అయి ఉంటే అసలు కరెంటు 48 మాత్రమే, భయం లేదు. ఆపి, ఒక కొస విప్పి కొలవండి. నిజంగా 150 ఉంటే ఇంట్లో కరెంటు ఎన్ని వోల్టులుందో, వెనక ప్లేటు ఎక్కడుందో చెప్పండి. అప్పటిదాకా ఆన్ చేయకండి.